పట్టాభిషేకపు కోడి రొట్టె

రెండు రొట్టెముక్కల నడుమ పసుపుపచ్చని కోడిమాంసపు ముద్దను పెట్టి తిను పలహారము ఒకటి ఇంగ్లండులో మిక్కిలి ప్రసిద్ధము. దానిని వారు ‘కారొనేషన్ చికెన్ శాండ్విచ్చి’ అందురు; అనగా పట్టాభిషేకపు కోడి రొట్టె. పేరు విన్నంతనే మన పిల్లలు అది దొరలు తిను వింత భక్ష్యమని తలంతురు. దానిలోని దినుసులను చెప్పినచో వారి తల్లులు నవ్వుదురు. ధనియాలు, జీలకఱ్ఱ, మెంతులు, మిరియాలు, పసుపు, ఎండుమిరప! ఇవన్నియు విరుదునగరపు మండీలలో బస్తాలకు బస్తాలుగా చేతులు మారు వస్తువులే గదా.

దీనిని ఇంట చేసికొను విధమును ఇచ్చట వివరించెదను. అయితే ఇంగ్లీషు పుస్తకములోని పద్ధతిని ఉన్నదున్నట్లుగా మన ఎండలకు తెచ్చినచో కీడు కలుగు చోటు ఒకటి ఉన్నది. నిజమునకు ఈ వ్యాసము వ్రాయ పూనుటకు అదియే కారణము. కావున వంటకు ముందు దాని పుట్టుకను కొంత తెలిసికొనుట మంచిది.

1953వ సంవత్సరము జూన్ 2వ తేదీన లండను నగరమున రెండవ ఎలిజబెత్తు రాణికి పట్టాభిషేకము జరిగెను. ఆ నాడు దేశదేశములనుండి విచ్చేసిన అతిథులలో సుమారు 350 మందికి వెస్ట్‌మినిస్టరు పాఠశాలలోని పెద్ద చావడిలో మధ్యాహ్నపు విందు ఏర్పాటయ్యెను. ఆ విందు భారమును వహించినవారు రోజ్‌మెరీ హ్యూమ్, కాన్‌స్టన్స్ స్ప్రై అను ఇరువురు స్త్రీలు. హ్యూమ్ వంటలో నిపుణురాలు, లండనులో ‘కార్డాన్ బ్లూ’ అను వంట పాఠశాలను నడపినది. స్ప్రై పుష్పాలంకరణములో పేరెన్నిక గన్నది. వారి విద్యార్థినులే ఆ విందులో పనిచేసిరి. ఒక బడి చావడిలో, బడిపిల్లల చేతులమీదుగా జరిగిన విందన్నమాట!

వారికి ఎదురైన చిక్కు సామాన్యమైనది కాదు. ఆ చావడికి చేరియున్న వంటగది మిక్కిలి చిన్నది. అంత మందికి వేడివేడిగా వండి వడ్డించుట అసాధ్యము. కావున ముందుగనే చేసి చల్లార్చి పెట్టదగిన వంటకమే కావలసివచ్చెను. అతిథులు పలు దేశములవారు. ఎవరి నాలుకకు ఏది సరిపడునో తెలియదు. పైగా యుద్ధము ముగిసి ఎనిమిదేండ్లు గడచినను ఇంగ్లండులో మాంసము, వెన్న, పంచదార అప్పటికి ఇంకను రేషనులోనే ఉండెను. కోడిమాంసము సామాన్య గృహములలో పండుగనాడు మాత్రమే కనబడు వస్తువు.

ఈ చిక్కులన్నిటికిని హ్యూమ్ కనుగొన్న పరిష్కారము ఇది. కోడిని మెల్లగా ఉడికించి, ఆ నీటిలోనే చల్లారనిచ్చి, ఎముకలను తీసి, ముక్కలను ఒక చల్లని గుజ్జులో కలిపిరి. ఆ గుజ్జులో ఉల్లిపాయ, ఒక చిన్న చెంచాడు కర్రీపొడి, కొంచెము టొమాటో, ద్రాక్షసారాయము, నిమ్మరసము, ఆప్రికాట్ పండ్ల గుజ్జు, మయొనేజు, మీగడ ఉండెను. దీనికి వారు పెట్టిన పేరు ఫ్రెంచి పేరు: ‘పూలే రేన్ ఎలిజబెత్’, ఎలిజబెత్తు రాణి కోడి అని భావము. ఈ వంట 1956లో వెలువడిన ‘కాన్‌స్టన్స్ స్ప్రై వంట పుస్తకము’న అచ్చుపడినది. తిన్న అతిథులలో పలువురు అందులో కర్రీపొడి ఉన్నదని గుర్తించియుండరని స్ప్రై ఆ పుస్తకములో వ్రాసినది. దినుసును వేయవలెను, వేసినట్లు తెలియరాదు. మన అవ్వలు వింటిరేని, అట్లయిన వేయుట దేనికని అడిగియుందురు.

విందులో ఇది అన్నముతో వడ్డింపబడినది. రొట్టెల నడుమకు చేరుట తరువాతి కథ. 18వ శతాబ్దిలో శాండ్విచ్చి ప్రభువు పేరుమీద వ్యాపించిన రొట్టెల ఫలహారము అప్పటికే ఇంగ్లండులో ఇంటింట ఉన్నది. మయొనేజు సీసాలలో అమ్మకమునకు వచ్చిన పిదప ఈ కోడిముద్దను కలుపుట సులువయ్యెను. 1980లో మార్క్స్ అండ్ స్పెన్సరు అంగళ్ళలో ముందే చేసి పొట్లము గట్టిన శాండ్విచ్చిల అమ్మకము మొదలయ్యెను. క్రమముగా ఇతర అంగళ్ళవారును అదే బాట పట్టిరి. వారు అమ్ము రకములలో ఈ కోడిముద్ద రొట్టె ఒక ముఖ్యమైనది అయ్యెను. అంగడి సరకులో ఎండుద్రాక్ష చేరెను, పసుపు రంగు హెచ్చెను, సున్నితపు రుచి తగ్గెను. ఇంట చేసికొనుటలో మేలు ఇందువలననే.

ఇక ‘కర్రీ’ అను మాట. ఇది మన ప్రాంతపు మాటయే; తమిళములోని ‘కఱి’ నుండి పోర్చుగీసువారి మూలమున ఇంగ్లీషునకు చేరినది. మన పిల్లలు బజారులో ‘కఱి’ యన్నచో మాంసమని గ్రహింతురు; ఇంట అమ్మ ‘కూర’ యన్నచో వంకాయయు కావచ్చును, కోడియు కావచ్చును. ఇంగ్లీషువాడు మాత్రము రసము గల ప్రతి వంటకమును ఆ ఒక్క మాటలోనే ఇమిడ్చెను. 1747లోనే హానా గ్లాసు అను ఆమె తన వంట పుస్తకమున ‘ఇండియా పద్ధతి కర్రీ’ని చేర్చినది. 1878లో చెన్నపట్టణమున కెన్నీ హెర్బర్టు అను సైనికోద్యోగి ‘వైవర్న్’ అను మారుపేరుతో ప్రకటించిన మద్రాసు వంటల పుస్తకములో కర్రీపొడిని గూర్చి విపులముగా వ్రాసెను. మన ఇండ్లలో ఏ కూరకు తగిన పొడిని ఆ కూరకు దంచుకొందుము. దూరదేశమునకు ఓడలో పోవలసినవానికి అన్నిటికి ఒకే డబ్బా కావలసివచ్చినది. ఆ డబ్బామీద ‘మద్రాసు’ అని అచ్చు వేసిరి. డబ్బాలకు రంగుల చీటీలు అచ్చు వేయుట యెట్టి పనియో శివకాశివారికి నేను చెప్పనక్కరలేదు.

కావున మొదటి పని పొడి. సాంబారుపొడి దీనికి పనికిరాదు. అందులో పప్పులును ఇంగువయు ఉండును. నాలుగు చెంచాల ధనియాలు, ఒక చెంచా జీలకఱ్ఱ, అర చెంచా మిరియాలు, పావు చెంచా మెంతులు, పావు చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, ఒక రెబ్బ కరివేపాకు తీసికొని, సన్నని సెగపై విడివిడిగా వేచి, చల్లారిన పిదప మెత్తగా పొడిచేసి, ఒక చెంచా పసుపు కలుపవలెను. మెంతులు ఎఱ్ఱబడువరకే వేపవలెను. నల్లబడినచో పొడి అంతయు చేదగును. మన వైపు మిరపకాయల కారము తెలిసినదే గనుక రెండింటికి మించరాదు. ఈ కొలతకు వచ్చిన పొడిలో మనకు కావలసినది రెండు చెంచాలే. తక్కినదానిని గాలి చొరని సీసాలో దాచుకొనవలెను.

నలుగురికి ముప్పాతిక కిలో కోడిమాంసము చాలును. ఎముకతో ఉన్నదే రుచి. మాంసము మునుగునంత నీటిలో ఒక చిన్న క్యారెట్టు, సగము ఉల్లిపాయ, పది మిరియాలు, ఒక బిర్యానీ ఆకు, తగినంత ఉప్పు వేసి పొయ్యిమీద పెట్టవలెను. నీరు తెర్లుటకు మొదలిడగానే సెగ తగ్గింపవలెను. కుతకుత ఉడికించిన మాంసము బిగిసి పీచు పీచుగ నగును. నీటి ఉపరితలము వణకుచున్నట్లు మాత్రమే కనబడునట్లు అరగంట మొదలు నలుబది నిమిషముల వరకు ఉంచినచో మెత్తగా నుండును. ప్రెషర్ కుక్కరును దీనికి ముట్టవలదు. బాగుగా ఉడికినదో లేదో తెలియుటకు లావైన ముక్కను ఎముకవఱకు కోసి చూడుడు. లోపల ఎఱుపు ఉండరాదు, కారు రసము తేటగా నుండవలెను. ఉష్ణమాపకము గలవారికి మాంసము నడుమ 74 డిగ్రీల సెల్సియస్ చూపవలెను.

ఉడికిన మాంసమును ఆ నీటిలోనే చల్లార్చుమని ఇంగ్లీషు పద్ధతి. చల్లారునపుడు మాంసము ఆరిపోక తేమను నిలుపుకొనును, యుక్తియుక్తమైన మాటయే. కాని లండనులో పెద్ద కుండ చల్లారినట్లు శివకాశిలో చల్లారదు. పాత్రను చల్లని నీరు గల వెడల్పు పళ్ళెములో నుంచి, ఆ నీటిని రెండు మూడు మారులు మార్చుచు త్వరగా చల్లార్చి, పిదప ఎముకలు తీసి ముక్కలను శీతలపేటికలో నుంచవలెను. పచ్చి మాంసమును కోసిన పలకను, కత్తిని సబ్బుతో కడుగక వానిమీద వండిన ముక్కలను పెట్టరాదు.

తరువాతిది మసాలా గుజ్జు. వంటకమంతటికి ప్రాణము ఇదే. ఒక పెద్ద చెంచాడు నూనెలో సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయను రంగు మారనీయక మెత్తబడువరకు వేపవలెను. రెండు చిన్న చెంచాల పొడి వేసి సన్నని సెగపై ఒకటి రెండు నిమిషములు కలియబెట్టవలెను. ఈ రెండు నిమిషములను పలువురు తప్పించుకొందురు. సీసాలోని మయొనేజులో పచ్చి పొడిని చల్లి కలిపినచో పని ముగిసినదనుకొందురు. నేనును మొదట అట్లే చేసితిని. నాలుకకు ఇసుక తగిలినట్లుండెను, పసుపు వాసన ముక్కునంటెను. మసాలా దినుసులలోని పరిమళ తైలములు నీటిలో కరుగవు, నూనెలో కరుగును. వేడినూనె తగిలిననే అవి బయల్పడి గుజ్జంతటికి వ్యాపించును. పోపు పెట్టు ప్రతి తల్లికి ఈ సంగతి శాస్త్రము చదువకయే తెలియును. హ్యూమ్ కూడ పొడిని నూనెలోనే వండినది గాని పైన చల్లలేదు.

పొడి కమ్మని వాసన వేయగానే ఒక చెంచా టొమాటో గుజ్జు, అర గ్లాసు నీరు, ఒక నిమ్మకాయ సగపు రసము, చిటికెడు పంచదార, ఉప్పు చేర్చి ఐదారు నిమిషములు ఉడికింపవలెను. ద్రాక్షసారాయము మన ఇండ్లకు అక్కరలేదు. దానివలన వచ్చు పులుపు నిమ్మరసముననే వచ్చును. ఆప్రికాట్ పండ్లను హైదరాబాదువారు ఖుబానీ యని పిలిచి వానితో మిఠాయి చేయుదురు. ఎండినవి దొరకినచో నానబెట్టి ఉడికించి రెండు పెద్ద చెంచాల గుజ్జు వేయవచ్చును. దొరకనిచో చింత లేదు. రాజపాళయపు మామిడిపండు గుజ్జును కొంచెము బెల్లముతో దగ్గరకు ఉడికించి అదే కొలతకు వేయుడు. నా మట్టుకు నాకు ఇది అసలుదానికంటె బాగుండునని తోచినది. గుజ్జును వడగట్టి పూర్తిగా చల్లార్చి ఉంచవలెను.

ఇపుడు మయొనేజు. నేను మొదట చెప్పిన కీడు ఇచ్చటనే పొంచియున్నది.

మయొనేజు అనునది పచ్చి గ్రుడ్డులోని పచ్చసొనను చిలుకుచు నూనెను చుక్కచుక్కగా పోసి చేయు వెన్నవంటి పదార్థము. నూనెయు నీరును కలియవని మీరు తరగతిలో చదివియున్నారు. పచ్చసొనలో లెసిథిన్ అను పదార్థము కలదు. దాని అణువునకు ఒక కొన నూనెను, వేరొక కొన నీటిని పట్టుకొను స్వభావము గలదు. కావుననే నూనె సూక్ష్మ బిందువులై విడిపోక నిలుచును. పనితనము చూడముచ్చటగా నుండును గాని, ఆ గ్రుడ్డు నిప్పు మొగము ఎరుగదు. గ్రుడ్డులో సాల్మొనెల్లా అను సూక్ష్మజీవి ఉన్నచో అది చావక అందులోనే పెరుగును. వాంతులు, విరేచనములు, జ్వరము దాని ఫలితములు. పసిపిల్లలకును వృద్ధులకును ప్రాణాపాయము కూడ కలుగవచ్చును.

ఇంగ్లండువారు పచ్చి గ్రుడ్డును నమ్మి తినుచున్నారు గదా యని అడుగవచ్చును. వారికిని ఈ దెబ్బ తగిలినది. 1988లో ఆరోగ్యశాఖలోని ఉపమంత్రిణి ఆ దేశపు గ్రుడ్ల ఉత్పత్తిలో అధికభాగమునకు సాల్మొనెల్లా సోకినదని పలుకగా గ్రుడ్ల అమ్మకము కుప్పకూలినది, ఆమె పదవి పోయినది. ఆమె పేరు ఎడ్వినా కర్రీ అగుట కేవలము కాకతాళీయము! ఆ తరువాత వారు కోళ్ళకు టీకాలు వేయించి, పరీక్షలు జరిపి, అట్టి గ్రుడ్లపై సింహముద్ర వేయు ఏర్పాటు చేసికొనిరి. ఆ ముద్ర గల గ్రుడ్లను పచ్చిగా తినవచ్చునని వారి ఆహార సంస్థ 2017లో గాని చెప్పలేదు. మన అంగడి గ్రుడ్డుపై అట్టి ముద్ర లేదు. పుస్తకము ఒక్కటే యైనను గ్రుడ్డు ఒక్కటి కాదు.

మన ప్రభుత్వములును దీనిని గుర్తించినవి. హైదరాబాదులో కలుషితాహారమువలన పలువురు అస్వస్థులైన పిదప తెలంగాణ ప్రభుత్వము 2024 అక్టోబరులో పచ్చి గ్రుడ్ల మయొనేజును ఒక సంవత్సరము నిషేధించెను. తమిళనాడు ప్రభుత్వము 2025 ఏప్రిలు 8వ తేదీ మొదలు ఒక సంవత్సరమునకు అట్లే నిషేధము విధించెను. అంగడివానికి చట్టము, మన వంటింటికి ఎవరు చట్టము చేయుదురు? అక్కడ అమ్మయే అధికారి.

కావున మయొనేజును ఇట్లు మార్చుకొందము. రెండు గ్రుడ్లను పండ్రెండు నిమిషములు గట్టిగా ఉడికించి, పచ్చసొనలను మాత్రము మెత్తగా మెదిపి, చిటికెడు ఆవపిండి, ఒక చెంచా నిమ్మరసము చేర్చి, రెండు పెద్ద చెంచాల వేరుసెనగ నూనెను కొంచెము కొంచెముగా పోయుచు నూరవలెను. మన నువ్వులనూనె ఎంత శ్రేష్ఠమైనను దీనికి వలదు. దాని వాసన తక్కిన అన్నిటిని అణచివేయును. గడ్డపెరుగును శుభ్రమైన పలుచని గుడ్డలో మూటగట్టి శీతలపేటికలో మూడు గంటలు వడియగట్టినచో వెన్నవలె గట్టిపడును. అట్టి పెరుగు ఒక చిన్న గిన్నెడు ఈ సొనతో కలిపినచో మయొనేజు, మీగడ రెండింటి పనియు ఇదే చేయును. పెరుగు పుల్లనిదైనచో నిమ్మరసము తగ్గింపుడు. చల్లారిన మసాలా గుజ్జును దీనిలో కలిపి రుచి చూచి, పిదప కోడిముక్కలను వేయవలెను. ముక్కలు చిటికెన వ్రేలి గోరంత ఉండిన చాలును.

నమలునపుడు అక్కడక్కడ కరకరలాడునది ఏదైనను ఉండుట మేలు. ఇంగ్లండులో బాదము పలుకులు చల్లుదురు. మనము వేచిన వేరుసెనగ పలుకులు చల్లుదము. కోవిల్పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు లభించిన సంగతి మీరెరుగుదురు; ఆ మిఠాయి ముక్కనొకదానిని నలిపి కలిపినచో బెల్లపు తీపియు వేరుసెనగ కమ్మదనమును ఒక్కమారే వచ్చును. అట్లు చేసినచో ఎండుద్రాక్ష మానవలెను.

రొట్టె ఆనాటిదే కావలెను. రెండు ముక్కలకును లోపలివైపు అంచులవరకు వెన్న పూయుడు. రుచి కొరకే కాదు; ఆ కొవ్వుపొర గుజ్జులోని తేమను రొట్టెలోనికి ఇంకనీయదు. ఒక ముక్కపై దోసకాయ చక్రములను పలుచగా పరచి, దానిపై కోడిముద్దను అర అంగుళము మందమున నుంచి, రెండవ ముక్కతో మూసి, అరచేతితో మెల్లగా అదిమి, మూలనుండి మూలకు కోయవలెను. సాత్తూరు వెళ్ళరి లేత కాయలు దొరకు దినములలో దీనికి అంతకు మించిన జోడు లేదు.

మాంసము తినని ఇండ్లు మనలో పెక్కులున్నవి. వారు కోడికి బదులు ఉడికించిన కాబూలీ సెనగలను కొంచెము చిదిమి, గ్రుడ్డు మాని పెరుగుతోనే ఇట్లు చేసికొనవచ్చును. గుజ్జు రుచి సెనగలకు ఎంతమాత్రము వెలితి చేయదు.

తల్లులకు ఒక విన్నపము. పిల్లలు దీనిని బడికి కట్టి యిమ్మని అడుగుదురు. ఇయ్యవలదు. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ సూక్ష్మజీవులు త్వరత్వరగా వృద్ధినొందును. ఇట్టి ఆహారమును బయట రెండు గంటలకు మించి ఉంచరాదనియు, 32 డిగ్రీలు దాటిన వేడిలో ఒక గంటయే పరిమితి యనియు నియమము. ఉదయము ఎనిమిదింట మూతవేసిన డబ్బా మధ్యాహ్నము పండ్రెండున్నరకు తెరువబడును. ఈ నడుమ ఆ డబ్బా ఎండలో బస్సులోను, వేడెక్కిన తరగతి గదిలోను ఉండునని తలచుకొనిన చాలును. గ్రుడ్డు ఉడికినంత మాత్రమున ఈ భయము తొలగిపోదు. పులిహోర, పెరుగు లేని చిత్రాన్నము డబ్బాకు ఉన్నవి. ఇది ఆదివారపు సాయంకాలము ఇంటనే కూర్చుండి, చేసిన వెంటనే తినదగినది. మిగిలిన ముద్దను శీతలపేటికలో నుంచి మరునాటికి ముగింపవలెను.

కోడి ఉడికిన నీటిని పారబోయకుడు. వడగట్టి, దంచిన మిరియాలు, జీలకఱ్ఱ, వెల్లుల్లి, కొంచెము చింతపండు రసము చేర్చి కాచినచో చక్కని మిరియాల చారగును. తమిళులు ‘మిళగు తణ్ణి’ యన్న దీనినే ఇంగ్లీషువారు తమ నోట ‘ములిగటానీ’ యని తిప్పుకొని, తమ విందులలో సూపుగా పోసికొనుచున్నారు. రొట్టెలు కోయుచుండగా పిల్లలకు ఒక్కొక్క గ్లాసు పోసి యిచ్చినచో వంట ముగియువరకు వారు అల్లరి చేయరు.